అంజూరపు చెట్టు చెప్పు పాఠము

క్రైస్తవ సువార్తలలోని చిన్న ఉపమానములలో అంజూరపు చెట్టు ఉపమాన మొకటి. మత్తయి, మార్కు, లూకా మువ్వురును దీనిని చేర్చిరి. యెరూషలేము దేవాలయము కూలిపోవునని యేసు చెప్పగా విని, ఒలీవల కొండమీద శిష్యులు అది యెప్పుడు జరుగును, దానికి గురుతేమి యని ఆయన నడిగిరి. ఆయన దినము చెప్పలేదు, చెట్టును చూపెను. కొమ్మ లేతబారి చిగిర్చినప్పుడు వేసవి చేరువైనదని ఎట్లు తెలిసికొందురో, తాను చెప్పిన సంగతులు జరుగుచుండగా రాకడయు వాకిట నున్నదని అట్లే తెలిసికొనవలెనని దాని భావము.

ఆ చెట్టునే చూపుటకు కారణము కలదు. పాలస్తీనాలో ఒలీవ చెట్టు ఏడాది పొడుగునను పచ్చగానే యుండును. బాదము చెట్టు చలి వీడకమునుపే పూయును. మన మేడి, రావి చెట్ల జాతికే చెందిన అంజూరము మాత్రము శీతకాలమున ఆకులు రాల్చి మోడువలె నిలిచి, చలి తగ్గిన పిదపనే చిగిర్చును. కావున దాని చిగురు నమ్మదగిన సాక్షి. వేసవి యన్నంతనే మనకు ఎండలు, నీటి యెద్దడి తోచును. అచ్చటి రైతునకు అది పండ్లు పక్వమగు కాలము. హెబ్రీ భాషలో వేసవి పండ్లను దెలుపు ‘కయిత్స్’ అను పదమునకును, అంతమను అర్థముగల ‘కేత్స్’ అను పదమునకును ధ్వనిసామ్యము కలదు. ఆమోసు ప్రవక్త ఈ సామ్యమును ఆధారము చేసికొనియే ఇశ్రాయేలునకు రానున్న తీర్పును ప్రకటించెను. ఆ సంప్రదాయ మెరిగిన శ్రోతలకు వేసవి యను మాటలో తీర్పును, పరిపక్వతయు రెండును స్ఫురించి యుండవచ్చును.

గురుతులు చూడవలెనన్న బోధను కొందరు లెక్కకట్టుటగా గ్రహించిరి. అమెరికాలో విలియం మిల్లరు దానియేలు గ్రంథము నాధారముగా గణించి, 1843 ప్రాంతమున క్రీస్తు వచ్చునని బోధించెను. పిదప ఆయన అనుయాయులు 1844 అక్టోబరు 22వ తేదీని నిర్ణయించిరి. కొందరు పంటను కోయక పొలముననే విడిచిరి. ఆ దినము గడచిపోయెను. వారికి మిగిలినది కన్నీరు, ఇరుగుపొరుగువారి పరిహాసము. 1948లో ఇశ్రాయేలు రాజ్య మేర్పడగా, అంజూరమనగా ఆ దేశమేయని, తరమనగా నలువది యేండ్లని మరికొందరు లెక్కించిరి. 1988 కూడ గడచెను. లూకా సువార్తలో అంజూరముతోపాటు సమస్త వృక్షములును పేర్కొనబడినవి. ఈ వ్యాఖ్యకు అది పొసగదు.

ఉపమానము వెంబడి వచ్చు ‘ఈ తరము’ అను మాటపై పండితులలో ఏకాభిప్రాయము లేదు. క్రీ.శ. 70లో రోమనులు ఆ దేవాలయమును ధ్వంసము చేయుటతో అది నెరవేరెనని కొందరందురు. అంత్యకాలపు తరమునే అది సూచించునని కొందరందురు.

ఒక్క విషయమున మాత్రము సందేహమునకు తావు లేదు. ఆ దినమును, గడియను తండ్రి తప్ప మరెవ్వరు నెరుగరని అదే ప్రసంగమున యేసు చెప్పెను. వెంటనే మార్కు మరియొక చిన్న కథను చేర్చెను. దేశాంతరమేగు యజమానుడు దాసులకు ఎవరి పని వారి కప్పగించి, ద్వారపాలకుని మెలకువగా నుండుమనెను. ఆయన సంజవేళ వచ్చునో, కోడికూత వేళ వచ్చునో వారెరుగరు. అప్పగించిన పనిని విడువక చేయుచుండుటయే ఆ దాసులకు మెలకువ. చిగురును చూచిన రైతును వేసవి యే తేదీన వచ్చునని లెక్కింపడు. పండ్లు కోయుటకు బుట్టలు సిద్ధపరచుకొనును.