స్టాకు విలువ తేడా: సరిపెట్టే ముందు విడదీయండి

ఒక ఎలక్ట్రికల్ షాపు లెక్క చూద్దాం. కంప్యూటర్‌లో సీలింగ్ ఫ్యాన్లు 12, విలువ 17,544 రూపాయలు. గోడౌన్‌లో ఉన్నవి 11. బిల్లులు పట్టుకుని చూస్తే వాటి విలువ 14,300. తేడా 3,244. ఆడిట్ దగ్గరపడితే చాలామంది ఒక స్టాక్ జర్నల్ కొట్టి అంకె సరిపెట్టేస్తారు. అప్పటికి అంకె కలుస్తుంది గానీ తప్పు ఎక్కడిదక్కడే ఉంటుంది.

ముందు ఆ తేడాను రెండుగా విడదీయాలి. తగ్గిన ఫ్యాను ఒకటి, కంప్యూటర్ రేటు ప్రకారం 1,462. ఉన్న 11 ఫ్యాన్లకు తలా 162 చొప్పున ఎక్కువ పడింది, అది 1,782. రెండూ కలిపితే 3,244. మొదటిదాన్ని గోడౌన్‌లో వెతకాలి, రెండోదాన్ని కొనుగోలు బిల్లుల్లో.

రేటు ఎక్కడ పెరిగింది?

ఓపెనింగ్ స్టాకు 10 ఫ్యాన్లు, 1,200 చొప్పున 12,000. తర్వాత కొన్నవి 20, 1,350 చొప్పున 27,000. మొత్తం 30కి 39,000, సగటు 1,300. బిల్లు ఎక్కించేటప్పుడు 18 శాతం జీఎస్టీని కూడా రేటులో కలిపి 1,593 కొట్టడంతో సగటు 1,462 అయింది. ఇన్‌పుట్ క్రెడిట్ వచ్చే పన్ను సరుకు ఖరీదులో చేరకూడదు. దీనివల్ల అమ్మిన 18 ఫ్యాన్ల మీద లాభం 2,916 తగ్గి కనిపిస్తుంది. 4,860 రూపాయల క్రెడిట్ పుస్తకాల్లోకే రాదు. కాంపొజిషన్ స్కీములో ఉన్నవారికి క్రెడిట్ ఉండదు కాబట్టి వారికి 1,593 సరైన రేటే.

లారీ కిరాయి విషయంలో తప్పు ఇందుకు రివర్సు. సరుకు తెప్పించుకోవడానికి 600 కట్టి ఉంటే ఫ్యానుకు 30 చొప్పున ఖరీదులో కలవాలి. దాన్ని ఖర్చుల ఖాతాలో వదిలేస్తే స్టాకు విలువ తక్కువ చూపిస్తుంది.

అన్ని తేడాలూ తప్పులు కావు

సరైన రేట్లతోనే 12 ఫ్యాన్లు సగటు పద్ధతిలో 15,600, ఫిఫోలో 16,200. ఐసీఏఐ అకౌంటింగ్ స్టాండర్డ్-2 ఈ రెండు పద్ధతులనూ ఒప్పుకుంటుంది. ఒక రిపోర్టు ఒక పద్ధతిలో, ఇంకోటి మరో పద్ధతిలో తీస్తే 600 తేడా వస్తుంది. అక్కడ సవరించాల్సిన ఎంట్రీ ఏమీ లేదు.

మైనస్ స్టాకు

90 మీటర్ల వైరు కాయిల్స్ 10 కొన్నారు, కాయిల్ 1,800. అంటే 900 మీటర్లు, మీటరు 20. యూనిట్ చూసుకోకుండా '10 మీటర్లు, 1,800 రేటు' అని ఎక్కిస్తే, 50 మీటర్లు అమ్మేసరికి స్టాకు మైనస్ 40కి పడుతుంది. కొనుగోలు బిల్లు ఆలస్యంగా ఎక్కించినా ఇదే గొడవ. స్టాకు సున్నా ఉండగా 5 ఫ్యాన్లు అమ్మితే, సాఫ్ట్‌వేర్ పాత రేటు 1,200 పట్టుకుని 6,000 తీసేసిందనుకుందాం. తర్వాత 6,750కి 5 ఫ్యాన్ల బిల్లు ఎక్కిస్తే సరుకు సున్నా, విలువ మాత్రం 750 మిగిలిపోతుంది.

అందుకే వెతకడం మైనస్ స్టాకు రిపోర్టుతో మొదలుపెట్టండి. టాలీలో ఇది ఎక్సెప్షన్ రిపోర్టుల్లో ఉంటుంది. తర్వాత యూనిట్లు, ఆపైన బిల్లు రేట్లు, చివర్లో పద్ధతి. ఆ ఒక్క ఫ్యాను నిజంగానే పోయిందని తేలితే సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం దాని మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి. 1,350 బిల్లుదైతే 243 రూపాయలు. స్టాక్ జర్నల్ కొట్టాల్సింది ఆ ఒక్క ఫ్యానుకే, కారణం నెరేషన్‌లో రాసి. మిగతా 1,782 కొనుగోలు బిల్లు దిద్దితే దానంతటదే పోతుంది.