హామీకి పూచీ ఎవరు?

ఎన్నికల హామీకి చట్టబద్ధత లేదు. మేనిఫెస్టోలో రాసింది చేయలేదని ఓటరు కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేడు. ఆ హామీలు అవినీతి చర్య కిందకు రావని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. హామీలకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగా చెప్పాలని ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో చేర్చింది. అది చాలదు.

నంద్యాల జిల్లా ప్యాపిలి, డోన్ నియోజకవర్గంలోని మెట్ట మండలం. వాన మీద ఆశతో వేరుశనగ వేసే ఇలాంటి చోట హామీ అంటే నీళ్లు, అప్పు. 2014లో తెలుగుదేశం రైతు రుణమాఫీ ప్రకటించింది. గెలిచాక అది కుటుంబానికి లక్షన్నర దాకా, అయిదు విడతలుగా మారింది. చివరి రెండు విడతలు 2019 ఎన్నికల నాటికి పూర్తిగా అందలేదు; తర్వాతి ప్రభుత్వం వాటిని రద్దు చేసింది. మాఫీ వస్తుందని బాకీ కట్టకుండా ఆగిన రైతు పాసుబుక్కులో వడ్డీ మాత్రం ఆగలేదు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ చెప్పిన ఉద్యోగుల కంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్) రద్దు, దశలవారీ మద్యనిషేధం అయిదేళ్లకూ జరగలేదు.

అయినా జనం నమ్ముతారు. అది అమాయకత్వం కాదు. 1983లో గెలిచిన ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చి చూపించారు. కానీ నమ్మే ముందు, ఓటు అడగడానికి వచ్చినవారిని ఎంత ఖర్చు, ఏ పద్దు, ఏ ఏడాదికి అని గడపలోనే అడగండి.