మైనస్ 2000 లైన్లు

2025 జూన్ 5న అమెరికాలో బిల్ అట్కిన్సన్ అనే ఆయన 74 ఏళ్ల వయసులో కన్నుమూశారు. సినిమా తార కాదు, రాజకీయ నాయకుడూ కాదు. మన ఇళ్లల్లో ఆ వార్తని ఎవరూ పెద్దగా పట్టించుకుని ఉండరు. కానీ మీ అబ్బాయి కంప్యూటర్‌లో బొమ్మ గీసినా, మన సంఘం వారి ఉగాది ఆహ్వానపత్రం ప్రెస్సులో తెర మీద కూర్చినా, పైనున్న మెనూ నొక్కి జాబితా కిందికి దింపినా అందులో ఆయన చేతిపని కొంత ఉంది. ఆయన బొమ్మలు గీసి పేరు తెచ్చుకోలేదు. ఇతరులు గీసుకోవడానికి పనిముట్లు తయారు చేశారు.

నేను కామర్స్ చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కంప్యూటర్ కడుపులో ఏముంటుందో ఇంజనీర్లు చెప్పినంత బాగా చెప్పలేను. అయితే అట్కిన్సన్ పని విలువ ఏమిటో ఆయన లేని కంప్యూటర్లు వాడినవాళ్లకి బాగా తెలుస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బ్రాంచికి లెడ్జర్ పోస్టింగ్ మెషీన్ వచ్చింది. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. ప్రతి పనికీ ఒక కోడు. కోడు గుర్తులేకపోతే పక్క సీటాయన్ని అడగాలి, ఆయన సెలవులో ఉంటే ఆ రోజుకి అంతే సంగతులు. మనం యంత్రం భాష నేర్చుకోవాలి తప్ప యంత్రం మన వైపు ఒక్క అడుగు వేయదు. అప్పటికే కొన్నేళ్ల క్రితం, 1984 జనవరిలో, ఆపిల్ కంపెనీ మాకింటాష్ అమ్మకానికి పెట్టింది. దాంట్లో మౌస్ పట్టుకుని బొమ్మ గీయడం పిల్లలు సైతం నిమిషాల్లో నేర్చుకునేవారు.

అట్కిన్సన్ 1951లో అయోవా రాష్ట్రంలో పుట్టారు. శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ ఆయనకి పాఠం చెప్పిన జెఫ్ రాస్కిన్ తర్వాత ఆపిల్‌లో చేరి, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మెదడు మీద పరిశోధన చేస్తున్న శిష్యుణ్ణి రమ్మని పిలిచారు. 1978లో శిష్యుడు చదువు వదిలేసి వెళ్లిపోయాడు. మన ఇళ్లల్లో అయితే డాక్టరేటు మధ్యలో మానేసినందుకు మేనమామలు అందరూ కలిసి పంచాయితీ పెట్టేవారు.

1979లో ఆపిల్ వాళ్లు కొందరు జిరాక్స్ వారి పరిశోధనశాలకి వెళ్లి, అక్కడి ఆల్టో అనే కంప్యూటర్‌ని చూశారు. అట్కిన్సన్ కూడా వెళ్లారు. తెర మీద కిటికీలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. బల్ల మీద వోచర్లు చిందరవందరగా పడి ఉన్నాయనుకోండి. అడుగున ఉన్న వోచర్‌లో పైకి కనిపించేది ఒక మూల మాత్రమే. ఆ మూలలో మార్పు చేయాలంటే మనిషి కంటికి కష్టం లేదు. యంత్రానికి మాత్రం ఎంత భాగం కనిపిస్తోంది, ఆ భాగం ఆకారమేమిటి అన్నది ప్రతిసారీ లెక్కగట్టాలి. జిరాక్స్ వాళ్లు ఈ చిక్కు విప్పేశారనే నమ్మకంతో అట్కిన్సన్ తిరిగొచ్చి, తలబద్దలు కొట్టుకుని తానూ ఒక మార్గం కనిపెట్టారు. తర్వాత తెలిసిందేమిటంటే, వాళ్లు దాన్ని అలా విప్పనే లేదు! సాధ్యమేనని అనుకున్నారు కాబట్టి సాధించారు. ఆ పద్ధతికి రీజియన్లు అని పేరు. ఆ రోజుల్లోనే ఆయన కారు ఆగి ఉన్న లారీకి గుద్దుకుని ఆస్పత్రిలో పడ్డారు. చూడటానికి వచ్చిన స్టీవ్ జాబ్స్ కంగారుపడుతుంటే, రీజియన్లు ఇంకా గుర్తున్నాయిలే, భయపడకు అన్నారట.

లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లకి మరొకటి చెబుతాను. వృత్తం గీయాలంటే వర్గమూలాలు కావాలి. ఆ కాలపు ప్రాసెసర్‌కి అది బరువైన పని. అట్కిన్సన్ మన చిన్నతరగతుల లెక్క ఒకటి వాడారు. బేసి సంఖ్యలు వరసగా కూడితే వర్గాలు వస్తాయి. 1, 3 కలిపితే 4. దానికి 5 కలిపితే 9. ఇంకో 7 కలిపితే 16. కూడికలతోనే పని జరిగిపోతుంది కాబట్టి తెర మీద వృత్తాలు చకచకా నిండిపోయాయి. 1981లో అది చూపిస్తే జాబ్స్ మెచ్చుకుని ఊరుకోలేదు, మూలలు గుండ్రంగా ఉన్న దీర్ఘచతురస్రాలు గీయగలవా అని అడిగారు. అవెందుకన్నారు అట్కిన్సన్. ఆయన్ని బయటికి లాక్కెళ్లి వీధిలో కనిపించిన అలాంటి ఆకారాలన్నీ చూపించుకుంటూ పోయారు. చివరికి పార్కింగ్ నిషేధం బోర్డు దగ్గర అట్కిన్సన్ చేతులెత్తేశారు. మర్నాటికల్లా అది కూడా గీసి చూపించారు. ఇప్పుడు మీ చేతిలోని ఫోను తెర మీద బొత్తాలు చూడండి, మూలలు ఎలా ఉన్నాయో.

ఇక పైన శీర్షికగా పెట్టిన సంగతి. 1982 మొదట్లో లిసా అనే కంప్యూటర్ తయారీలో ఉన్నప్పుడు, పని ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి మేనేజర్లు ఒక ఫారం పెట్టారు. ప్రతి ఇంజనీరూ ఆ వారం ఎన్ని లైన్ల ప్రోగ్రాం రాశాడో నింపి ఇవ్వాలి. డిపాజిట్ల టార్గెట్లూ వారపు స్టేట్‌మెంట్లూ నింపీ నింపీ అలిసిన నాలాంటివాళ్లకి ఇది కొత్తేమీ కాదు. అట్కిన్సన్ ఆ వారమంతా పాత ప్రోగ్రాంని తిరగరాసి, అది దాదాపు ఆరు రెట్లు వేగంగా నడిచేటట్టు చేశారు. ఆ క్రమంలో సుమారు 2000 లైన్లు అక్కర్లేకుండా పోయాయి. ఫారంలో ఏం రాయాలి? కాసేపు ఆలోచించి, మైనస్ 2000 అని రాసి ఇచ్చేశారు. కొన్ని వారాల తర్వాత ఆయన్ని ఆ ఫారం అడగడం మానేశారు. మా జోనల్ ఆఫీసుకి ఎవరైనా అలాంటి అంకె పంపితే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

గీతలు గీసే ఆ ప్రోగ్రాంకే క్విక్‌డ్రా అని పేరు. మాకింటాష్ తెర మీద కనిపించే ప్రతిదీ దాని చేతిమీదుగా వచ్చిందే. దాని ఆధారంగా ఆయన మాక్‌పెయింట్ రాశారు. ఆ తెర అడ్డంగా 512 చుక్కలు, నిలువుగా 342. రంగులు లేవు, నలుపూ తెలుపే. యంత్రంలో మెమరీ మొత్తం 128 కిలోబైట్లు. ఈ రోజు ఫోనులో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అంత ఇరుకులోనే కుంచె, పెన్సిలు, రంగు నింపే డబ్బా, కావలసిన భాగాన్ని ఉచ్చు వేసి పట్టే పలుపుతాడు లాంటి పనిముట్లన్నీ అమర్చారు. సుసాన్ కేర్ అనే చిత్రకారిణి పక్కనే ఉండి వాడి చూస్తూ ఉండేవారు. 2010లో ఆ ప్రోగ్రాంని కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ప్రజలకి విడుదల చేసింది. పాస్కల్ భాషలో 5,804 లైన్లు, అసెంబ్లీ భాషలో మరో 2,738. అంతే.

నాకు ఇంకా నచ్చింది ఆయన అందులో పెట్టకుండా వదిలేసినది. మాక్‌పెయింట్‌లో అక్షరాలు వేస్తే అవి బొమ్మలో చుక్కలుగా కలిసిపోతాయి, మళ్లీ దిద్దలేం. ఆ చుక్కల్ని తిరిగి అక్షరాలుగా గుర్తుపట్టే ఏర్పాటు ఆయన రాశారు. అది పనిచేసింది కూడా. కానీ జనం దాని మీద ఆధారపడి, అది తప్పినప్పుడు నిరాశపడతారని తానే తీసేశారు. చేతకాక మానేయడం వేరు. చేసి, బాగా పనిచేస్తుండగా తీసేయడానికి ఎంత నిబ్బరం కావాలో!

1987లో వచ్చిన హైపర్‌కార్డ్ బ్యాంకువాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. మా దగ్గర ఖాతాదారుల నమూనా సంతకాల కార్డులు ట్రేలో వరసగా ఉండేవి. అలాంటి కార్డుల దొంతరే హైపర్‌కార్డ్. కార్డు మీద రాసుకోవచ్చు, బొమ్మ వేసుకోవచ్చు, బొత్తాం పెట్టుకోవచ్చు. బొత్తాం నొక్కితే మరో కార్డుకి వెళుతుంది. దాంతో బడిపంతుళ్లు పాఠాలు, దుకాణదారులు సరుకుల జాబితాలు, ప్రోగ్రామింగ్ చదవనివాళ్లు ఆటలు తయారు చేసుకున్నారు. 1993లో ప్రపంచమంతా ఆడిన మిస్ట్ అనే ఆట దాంతో కట్టిందే. ప్రతి మాకింటాష్‌తోనూ ఉచితంగా ఇవ్వాలన్న షరతు మీదే అట్కిన్సన్ దాన్ని ఆపిల్‌కి ఇచ్చారు. కొన్నేళ్లకి కంపెనీ పూర్తి హైపర్‌కార్డ్‌కి వెల కట్టి, ఉచితంగా చూసేందుకు మాత్రమే పనికొచ్చేది ఇచ్చింది. 2004లో అమ్మకం కూడా ఆపేసింది. జమాఖర్చుల్లో అది సబబే కావచ్చు. చూసేవాడు వేరు, చేసేవాడు వేరు అని విడగొట్టిన ఆ లెక్క మాత్రం నాకు మింగుడుపడలేదు.

1990లో స్నేహితులతో కలిసి ఆయన పెట్టిన జనరల్ మ్యాజిక్ కంపెనీ నిలబడలేదు. తర్వాత ప్రకృతి ఛాయాచిత్రాల్లో పడ్డారు. సానబట్టిన రాళ్ల లోపలి రంగుల్ని ఫొటోలు తీసి 2004లో పుస్తకంగా వేశారు.

ఇదంతా నేను చదవడానికి కారణం మా మేనకోడలు. మా చెల్లెలు వాళ్లది బరంపురం. మూడు తరాలుగా అక్కడే. పిల్ల ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదివింది. తెలుగు అక్షరాలు నాయనమ్మ పలక మీద దిద్దించింది. కంప్యూటర్ ఇంజనీరింగ్ అయ్యాక రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి పెద్ద కంపెనీలో, పేరు చెబితే పెళ్లిసంబంధాలవాళ్లు తలూపే చోటు. రెండోది చిన్న సంస్థ, బొమ్మలూ పుస్తకాలూ కూర్చేవాళ్ల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. జీతం తక్కువ. ఆమె రెండోది అంది. బావగారికి కోపం వచ్చింది. ఇంజనీరింగ్ చదివించింది బొమ్మలు గీసుకోడానికా అన్నారు. అప్పు తీర్చాల్సింది ఆయనే కదా, ఆ కోపం అన్యాయమని నేననను. విద్యారుణం 6 లక్షలు. చదువయ్యాక ఏడాది గడువు పోతే నెలకి ఎనిమిది వేల పైచిలుకు వాయిదా. ఆ లెక్క కాగితం మీద వేసి ఇచ్చింది నేనే.

అదే రోజు ఆ పిల్ల తన కంప్యూటర్‌లో ఒకటి చూపించింది. మనం 'స్త్రీ' అని రాస్తే కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్ దాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది. ఆ ముక్కల్ని ఫాంటూ సాఫ్ట్‌వేరూ కలిసి అక్షరంగా పేర్చాలి. బొమ్మలు కూర్చే కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్కడ చేతులెత్తేస్తాయి, ఒత్తులు ఊడి పక్కకి పడతాయి. పెళ్లిపత్రికల్లో, దుకాణం బోర్డుల మీద విరిగిన తెలుగు మీరూ చూసే ఉంటారు. "తెలుగు చదవడం రానివాడు కూర్చితే అది విరిగిందని కూడా తెలీదు మామయ్యా. బరంపురంలో అలాంటివాళ్లే ఎక్కువ" అంది. ఆమె చేరదామనుకున్నది ఆ ముక్కలు పేర్చే పనిలో.

నేను మళ్లీ కాగితం తీసి, తక్కువ జీతంలోంచి వాయిదా, బెంగళూరు గదిఅద్దె, భోజనం తీసేసి చూశాను. బొటాబొటిగా సరిపోతోంది. పండగలకి ఇంటికి రైల్లో రావాలి, విమానం కుదరదు. బావగారు ఆ కాగితం రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగి, చివరికి సరేనన్నారు.

చేరి అయిదు నెలలైంది. మొన్న ఆదివారం ఫోను చేసి, ఈ వారం తన పనల్లా ఒక పాత ప్రోగ్రాంలోంచి అక్కర్లేని లైన్లు తీసేయడమేనని చెప్పింది. పక్కనుంచి వాళ్లమ్మ, తీసేసినందుకు జీతం కోస్తారేమో అడగరా అన్నయ్యా అంటోంది.