జేబులోని డబ్బు, ఫోనులోని డబ్బు

వంద రూపాయల నోటుకూ, ఫోనులో కనిపించే వంద రూపాయల నిల్వకూ కిరాణా కొట్టులో దొరికే సరుకు ఒక్కటే అయినా, చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు ఆస్తులు. నోటు భారతీయ రిజర్వు బ్యాంకు నేరుగా పడిన బాకీ. రిజర్వు బ్యాంకు చట్టం ప్రకారం అది దేశమంతటా చెల్లే ద్రవ్యం, దాన్ని చేతిలో ఉంచుకున్నవారే దానికి యజమాని. ఖాతాలోని నిల్వ ఒక వాణిజ్య బ్యాంకు తన ఖాతాదారుకు పడిన బాకీ. ఆ బ్యాంకు దివాలా తీస్తే డిపాజిట్ బీమా కింద ఒక్కొక్కరికి గరిష్ఠంగా 5 లక్షల రూపాయల వరకే హామీ ఉంటుంది, 2020 ఫిబ్రవరి 4కు ముందు ఆ హామీ కూడా లక్ష రూపాయలే. నగదు మానేసి ఫోనుతో చెల్లించడం మొదలుపెట్టిన కుటుంబం, తెలిసో తెలియకో, తన రోజువారీ ఖర్చుల డబ్బును మొదటి రకం నుంచి రెండో రకానికి మార్చుకుంటున్నది.

అంతా సజావుగా సాగుతున్నప్పుడు ఈ తేడా ఎవరికీ పట్టదు. 2020 మార్చి 5న యెస్ బ్యాంకుపై మారటోరియం, అంటే చెల్లింపుల నిలుపుదల, విధించి ఖాతాదారులెవరూ 50 వేల రూపాయలకు మించి తీసుకోరాదని ఆంక్ష పెట్టినప్పుడు, ఆ బ్యాంకు ఖాతాదారులు ఇబ్బంది పడటంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం కలిగించినది ఫోన్‌పే సేవలు ఆగిపోవడం. అప్పటికింకా యూనియన్ బ్యాంకులో విలీనం కాని ఆంధ్రా బ్యాంకులోనో, స్టేట్ బ్యాంకులోనో డబ్బు పెట్టుకుని, యెస్ బ్యాంకు గడప ఎన్నడూ తొక్కనివారు కూడా ఆ యాప్‌ నుంచి పైసా పంపలేకపోయారు. ఫోన్‌పే తన లావాదేవీలను ఆ ఒక్క బ్యాంకు ద్వారానే నడుపుతుండటం ఇందుకు కారణం. మరో బ్యాంకుతో హడావుడిగా ఏర్పాటు చేసుకుని సేవలను తిరిగి మొదలుపెట్టారు గానీ, యాప్‌కూ ఖాతాకూ మధ్య కనిపించని గొలుసు ఒకటి ఉందని లక్షలాది మందికి మొదటిసారి తెలిసింది అప్పుడే.

ఆ గొలుసు పనిచేసే తీరు ఇది. యూపీఐ యాప్‌లో డబ్బు ఉండదు. అది బ్యాంకుకు ఆదేశం పంపే సాధనం మాత్రమే. కొనుగోలుదారు క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి పిన్ నొక్కగానే ఆ ఆదేశం యాప్‌కు భాగస్వామిగా ఉన్న బ్యాంకుకు, అక్కడినుంచి భారత జాతీయ చెల్లింపుల సంస్థ, అంటే ఎన్‌పీసీఐ నడిపే కేంద్ర స్విచ్‌కు చేరుతుంది. ఆ స్విచ్ కొనుగోలుదారు బ్యాంకును అడిగి ఖాతాలోంచి సొమ్ము తీయించి, దుకాణదారు బ్యాంకులో జమ వేయించిన తరువాతనే కౌంటరు మీది సౌండ్‌బాక్స్ ఫలానా మొత్తం ముట్టిందని పలుకుతుంది. రెండు మూడు సెకన్లలో ముగిసే ఈ వ్యవహారంలో కనీసం అరడజను కంప్యూటర్ వ్యవస్థలు ఒకదానికొకటి జవాబివ్వాలి, ఏ ఒక్కటి మొరాయించినా డబ్బు ఒకచోట తగ్గి మరోచోట పెరగకుండా మధ్యలో వేలాడుతుంది.

2008లో ఏర్పడిన ఎన్‌పీసీఐ యూపీఐని 2016 ఏప్రిల్‌లో ఆవిష్కరించగా, అదే ఏడాది నవంబరు 8న ప్రకటించిన పెద్ద నోట్ల రద్దు దానికి జనాన్ని బలవంతంగా పరిచయం చేసింది. ఆ రోజుల్లో దుకాణాలకు స్వైపింగ్ యంత్రాలు పంచి ఊళ్లకు ఊళ్లనే నగదు రహితంగా ప్రకటించే ఉత్సాహం కనిపించింది. సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ పేరు అలాగే దేశమంతా వినిపించింది. అయితే యూపీఐ పల్లెలకు పాకడానికి అసలు కారణం ప్రచారాలు కావు, ఖర్చు. యంత్రానికి అద్దె, కరెంటు, పేపరు చుట్ట కావాలి. క్యూఆర్ కోడ్‌కు గోడకు అంటించే కాగితం చాలు. పైగా వ్యాపారి నుంచి బ్యాంకులు వసూలు చేసే రుసుమును 2020 జనవరి నుంచి యూపీఐపై పూర్తిగా ఎత్తివేయడంతో మిర్చిబజ్జీల బండివారికి సైతం కాదనడానికి కారణం లేకపోయింది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 18,587 కోట్ల లావాదేవీలు, 261 లక్షల కోట్ల రూపాయల విలువ మేరకు జరిగాయి. 2025 ఆగస్టులో ఒక్క నెల సంఖ్యే 2,000 కోట్లు దాటింది.

ఇంత జరిగినా నగదు మాత్రం తగ్గలేదు. నోట్ల రద్దుకు ముందు దాదాపు 18 లక్షల కోట్ల రూపాయలున్న చలామణీ నగదు 2025 మార్చి నాటికి 36 లక్షల కోట్లు దాటింది. టీకొట్టులో నోటు మార్చడం మానేసినవారే ఆసుపత్రి అవసరానికో, పొలం పనులకో కొంత సొమ్ము బీరువాలో ఉంచుతున్నారని, చిల్లర ఖర్చుకు ఫోను, భరోసాకు నోటు అన్న విభజన జనం తమంతట తామే చేసుకున్నారని దీన్నిబట్టి అనుకోవచ్చు. లెక్క చెప్పని సొమ్ము కూడా ఇందులో ఉంటుందన్నది నిజమే గానీ, ఆ జాగ్రత్త వెనుక ఉన్న వివేకాన్ని కొట్టిపారేయలేము.

2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న దేశవ్యాప్తంగా యూపీఐ కొన్ని గంటలు మొరాయించినప్పుడు ఆ వివేకం అక్కరకు వచ్చింది. అదే ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో కరెంటు పోయినప్పుడు కార్డు యంత్రాలు ఆగిపోయి, జేబులో నోట్లు ఉన్నవారే రొట్టె కొనుక్కోగలిగారు. నగదు వాడకం దాదాపు మాయమైన స్వీడన్‌లో ప్రభుత్వం 2024లో ఇంటింటికీ పంపిన ఆపత్కాల సూచనల పుస్తకంలో కనీసం వారానికి సరిపడా నగదు దగ్గర ఉంచుకోమని పౌరులకు చెప్పింది. తెలుగువారికి ఈ పాఠం విదేశాల నుంచి రానక్కరలేదు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోన్లు మూగపోయాయి, ఏటీఎంలు పనిచేయలేదు. అప్పటికి యూపీఐ పుట్టలేదు. నోట్లు చేతిలో ఉన్న నగరానికే అంత కష్టం కలిగింది. ప్రకృతి వైపరీత్యాలకు తోడు, ప్రభుత్వాలే ఇంటర్నెట్‌ను నిలిపివేసే సందర్భాలూ ఉన్నాయి; 2023 మేలో హింస చెలరేగిన మణిపుర్‌లో ఆ నిలిపివేత నెలల తరబడి సాగింది.

డిజిటల్ చెల్లింపు ఇష్టంగా ఎంచుకున్నంత కాలం సౌకర్యం, మరో దారి మూసేసినప్పుడు భారం. ఆంధ్రప్రదేశ్‌లో 60 లక్షలకు పైగా ఉన్న సామాజిక పింఛనుదారులకు ఇంటివద్దే నగదు అందించే ఏర్పాటు 2024 ఎన్నికల వేళ తారుమారై, మే నెల పింఛను చాలామందికి బ్యాంకు ఖాతాల్లో జమ అయినప్పుడు, నడవలేని వృద్ధులు నడివేసవి ఎండలో బ్యాంకుల ముందు బారులు తీరవలసి వచ్చింది. ఏ ఖాతాలో పడిందో తెలియనివారు, వాడక ఆగిపోయిన ఖాతాలున్నవారు రెండేసి సార్లు తిరిగారు. అదే సంవత్సరం జూలై 1న మళ్లీ నోట్లు ఇంటికి చేరాయి. కాగితం మీద చూస్తే ఖాతాకు జమ చేయడమే ఆధునికం, చవక. కానీ ఆ చవకదనంలో ఆటో చార్జీ, ఎండ, తోడు వచ్చే మనిషి కోల్పోయే కూలి లెక్కలోకి రాలేదు. ఇక జాతీయ రహదారులపై 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ లేనివారి దగ్గర రెట్టింపు టోలు వసూలు చేయడం మొదలుపెట్టారు. 2025 నవంబరు 15న అమలైన మార్పు ప్రకారం ఫాస్టాగ్ లేనివారు యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లు, నోటు ఇస్తే మాత్రం యథాప్రకారం రెట్టింపు. దేశమంతటా చెల్లుతుందని ప్రభుత్వమే హామీ ఇచ్చిన నోటుకు ప్రభుత్వ రహదారిపైనే జరిమానా పడటం వింతే.

నగదుకు జ్ఞాపకం లేదు, డిజిటల్ డబ్బు ఏదీ మరచిపోదు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమల వివరాల ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులు పంపగానే, బెంగళూరులో అనేక దుకాణాలు క్యూఆర్ కోడ్‌లు తొలగించి నగదు మాత్రమే తీసుకుంటామని బోర్డులు పెట్టాయి. సరుకుల వ్యాపారంలో ఏడాదికి 40 లక్షల రూపాయల అమ్మకాలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి కాబట్టి, నిజంగా పన్ను ఎగవేసినవారిని పట్టుకోవడంలో తప్పు లేదు. చిక్కల్లా ఏమిటంటే, పన్ను లేని కూరగాయలు, పాలు అమ్మిన సొమ్మూ, బంధువులు పంపిన అప్పూ, చీటీ డబ్బూ ఒకే ఖాతాలో పడినప్పుడు మొత్తం జమ అంతా అమ్మకంగానే కనిపిస్తుంది. అది కాదని నిరూపించుకునే పని, లెక్కల పుస్తకం ఎన్నడూ రాయని వ్యాపారి నెత్తిన పడుతుంది.

ఇన్ని ప్రమాదాల్లోనూ ప్రజల అనుభవంలోకి ఎక్కువగా వచ్చినది మోసం. కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం సైబర్ మోసాల్లో దేశ ప్రజలు 2023లో 7,465 కోట్ల రూపాయలు, 2024లో 22,845 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారు. వీటిలో చాలావరకు బ్యాంకు కంప్యూటర్లను ఛేదించి దోచినవి కావు; ఖాతాదారును భయపెట్టో, ఆశపెట్టో అతని చేతే పంపించుకున్నవి. డబ్బు రావాలంటే పిన్ నొక్కమనడం, పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్టు పేరుతో గంటల తరబడి కదలనివ్వకపోవడం, ట్రాఫిక్ చలానా పేరుతోనో పీఎం కిసాన్ పేరుతోనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపడం, వీటన్నిటి కిటుకు ఒక్కటే. ఏపీకే అంటే ఫోనులో కొత్త యాప్‌ను స్థాపించే ఫైలు. దాన్ని తెరిచి అనుమతులిస్తే ఆ ఫోనుకు వచ్చే ఓటీపీలు మోసగాడికీ కనిపిస్తాయి. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అవసరమే లేదన్న ఒక్క విషయం ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే సగం వలలు ఖాళీగా వెనుదిరుగుతాయి.

అలా పోయిన సొమ్ము మొదట చేరేది మ్యూల్ ఖాతాలకు. కమీషన్ కోసం విద్యార్థులు, నిరుద్యోగులు తమ పేరుతో తెరిచి ఇతరులకు అప్పగించే ఖాతాలివి. అక్కడినుంచి నిమిషాల్లో సొమ్ము పదుల ఖాతాలకు చీలిపోతుంది కనుకనే, జాతీయ సహాయ సంఖ్య 1930కి తొలి గంటలోనే ఫోన్ చేయమని పోలీసులు పదేపదే చెబుతుంటారు. ఫిర్యాదు అందగానే సొమ్ము వెళ్లిన దారి వెంబడి ఖాతాలను స్తంభింపజేయడం ఈ ఏర్పాటు బలం, బలహీనత కూడా. మోసగాడు ఆ డబ్బుతో ఏ దుకాణంలోనో సరుకు కొని ఉంటే, ఏ పాపమూ ఎరుగని దుకాణదారు ఖాతా సైతం ఆగిపోవచ్చు. ఎక్కడో మరో రాష్ట్రంలోని పోలీస్ స్టేషన్‌కు జవాబు చెప్పుకుంటే తప్ప అతని పెట్టుబడి కదలదు.

పిన్ కూడా అవసరం లేని దోపిడీ ఇంకొకటి ఉంది. ఏఈపీఎస్ అని పిలిచే ఆధార్ ఆధారిత చెల్లింపుల వ్యవస్థలో బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య చెప్పి వేలిముద్ర వేస్తే గ్రామంలోని బ్యాంకు మిత్ర వద్దే డబ్బు తీసుకోవచ్చు. చదువు రానివారికి ఇది గొప్ప వెసులుబాటు. అయితే వేలిముద్ర రహస్యం కాదు. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద అమ్మేవారి, కొనేవారి వేలిముద్రలు ఉంటాయి, చాలాకాలం ఆ దస్తావేజుల్లో ఆధార్ సంఖ్యలూ ఉన్నాయి, ఆ ప్రతులు వెబ్‌సైట్లలో దొరికేవి. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి నకిలీ వేలిముద్రలు తయారుచేసి వేలకొద్దీ సిమ్‌లు క్రియాశీలం చేసినట్టు బయటపడింది. నాలుగేళ్ల తరువాత సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా అదే పద్ధతిని జనం ఖాతాల్లోని డబ్బు తీయడానికి వాడింది. పోయిన పిన్‌ను మార్చుకోవచ్చు, వేలును మార్చుకోలేరు. ఎం-ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకుంటే ఈ దారి మూసుకుపోతుంది. వేలిముద్రే ఆధారమైన నిరక్షరాస్యులకు ఆ లాక్ సంగతి చెప్పేదెవరన్నదే ప్రశ్న.

నష్టం ఎవరు భరించాలన్న విషయంలో రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు కొంత దారి చూపింది. ఖాతాదారు, బ్యాంకు ఇద్దరి తప్పూ లేకుండా మూడో వ్యక్తి వల్ల సొమ్ము పోయి, సమాచారం అందిన మూడు పని దినాల్లోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారుపై భారం ఉండదు. నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య చేస్తే పరిమిత భారం పడుతుంది, సాధారణ పొదుపు ఖాతాకు ఆ పరిమితి 10 వేల రూపాయలు. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకుదే. వినడానికి ఇది బాగానే ఉంది, కానీ ఓటీపీయో పిన్నో ఖాతాదారే ఇచ్చి ఉంటే అది అతని నిర్లక్ష్యం కిందికి వస్తుంది, ఫిర్యాదు చేసేవరకు పోయిన సొమ్మంతా అతనిదే నష్టం. మోసాల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఈ రకానివే కాబట్టి, రక్షణ చాలావరకు కాగితాలకే పరిమితమవుతున్నది.

బ్రిటన్ ఈ లెక్కను తిరగరాసింది. 2024 అక్టోబరు 7 నుంచి అక్కడ మోసపోయి తమ చేతులతోనే డబ్బు పంపినవారికి కూడా, తీవ్ర నిర్లక్ష్యం వంటి మినహాయింపులకు లోబడి, 85 వేల పౌండ్ల వరకు బ్యాంకులే తిరిగి చెల్లించాలి. ఆ భారాన్ని సొమ్ము పంపిన బ్యాంకు, పుచ్చుకున్న బ్యాంకు చెరిసగం పంచుకోవాలి. మ్యూల్ ఖాతా తెరిచిన బ్యాంకు కూడా జేబులోంచి ఇవ్వవలసి వచ్చినప్పుడు, ఖాతా తెరిచేటప్పుడే మనిషిని సరిగా చూస్తుంది. నెలకు 2,000 కోట్ల లావాదేవీలు నడిపే దేశం జాగ్రత్త పడమని జనానికి ఎస్ఎంఎస్‌లు పంపి చేతులు దులుపుకోవడం చాలదు. బ్యాంకులపై అదే తీరు బాధ్యతను ఇక్కడా చట్టబద్ధం చేయాలి. అంతవరకు ప్రతి ప్రభుత్వ సేవ వద్దా నోటు తీసుకునే కౌంటరు ఒకటి, జరిమానా లేకుండా, తెరిచి ఉంచాలి.