‘నైస్’ పద ప్రస్థానం

తెలుగువారు నిత్యం వాడుకొనే ఇంగ్లీషు మాటలలో ‘నైస్’ ఒకటి. చొక్కా బాగుంటే నైస్, పాట బాగుంటే నైస్, మనిషి మంచివాడైతే నైస్. ఇంగ్లీషు నేర్చుకొనే పిల్లలకు తొలి పాఠాలలోనే ఈ పదం పరిచయమవుతుంది. ఇంత తేలికైన మాటకు నిఘంటువు తెరవవలసిన పని ఏమున్నదని ఎవరికైనా అనిపించవచ్చు. అయితే షేక్‌స్పియర్ రచించిన ‘రోమియో అండ్ జూలియట్’ నాటకం చదివేటప్పుడు ఈ ధీమా అక్కరకు రాదు.

ఆ నాటకంలో ఫ్రయర్ లారెన్స్ అనే క్రైస్తవ సన్న్యాసి దూరదేశంలో ఉన్న రోమియోకు ఒక లేఖ పంపుతాడు. జూలియట్ మరణించలేదని, ఔషధ ప్రభావంతో మృతురాలివలె నిద్రిస్తున్నదని తెలియజేసే లేఖ అది. దానిని తీసుకొని పోవలసిన మరొక సన్న్యాసి, ప్లేగు సోకిందన్న అనుమానంతో అధికారులు మూసివేసిన ఇంట్లో చిక్కుకొంటాడు. లేఖ చేరదు. ఈ సంగతి తెలిసినప్పుడు, ఐదవ అంకంలో, ఆ లేఖ ‘నైస్’ కాదని లారెన్స్ వాపోతాడు. నేటి అర్థంతో చదివితే ‘ఆ ఉత్తరం బాగుండలేదు’ అని తేలుతుంది. లారెన్స్ అన్నది అది కాదు. ‘అది అల్పమైన ఉత్తరం కాదు, అందులో ఎంతో ముఖ్యమైన విషయం ఉన్నది’ అని ఆయన ఆవేదన. లేఖ అందని కారణంగా రోమియో తన ప్రియురాలు నిజంగానే చనిపోయిందని నమ్మి విషం తాగుతాడు. మేల్కొన్న జూలియట్ అతని బాకుతో పొడుచుకొంటుంది. రెండు నిండు ప్రాణాలు ఆధారపడిన లేఖను గురించిన వాక్యం, ఒక్క పదానికి ఆనాటి అర్థం తెలియనందువల్ల తలకిందులైపోతుంది.

‘నైస్’కు మూలం లాటిన్ భాషలోని ‘నెస్కియుస్’. ‘నె’ అంటే లేదు, కాదు. ‘స్కిరె’ అంటే ఎరుగుట. కనుక నెస్కియుస్ అంటే ఏమీ ఎరుగనివాడు. ‘సైన్స్’ అనే మాట కూడా ఈ ‘స్కిరె’ నుంచే ఏర్పడింది. విజ్ఞానం, అజ్ఞానం అనే మాటలు రెండూ ‘జ్ఞా’ ధాతువు నుంచి పుట్టినట్లే, సైన్స్, నైస్ అనేవి ఒకే కుదురులో మొలిచాయి. ఒకటి ఎరుకను చెప్పింది, రెండవది ఎరుగనితనాన్ని చెప్పింది.

లాటిన్ మాట ప్రాచీన ఫ్రెంచి భాషలో రూపం మార్చుకొని ‘తెలివితక్కువ’ అనే అర్థంలో నిలిచింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత రాజసభలోను, న్యాయస్థానాలలోను ఫ్రెంచి రాజ్యమేలింది. ఆ దారిని ఇంగ్లీషులో ప్రవేశించిన వేల పదాలలో ఇదీ ఒకటి. 14వ శతాబ్దికి చెందిన మహాకవి చాసర్ రచనలలో ‘నైస్’ అంటే మూర్ఖుడనే అర్థం కనిపిస్తుంది. ఆ రోజులలో ఒకరిని నైస్ అంటే అది మెచ్చుకోలు కాదు, తిట్టు.

తిట్టు పొగడ్తగా మారడం ఒక్కనాటితో జరగలేదు. తెలివిలేనివాడు ఆడంబరాలకు, విలాసాలకు లోబడతాడు. కనుక మొదట ఆ గుణాలను ఈ పదం సూచించింది. విలాసాలకు అలవాటు పడినవానికి ఏదీ ఒక పట్టాన నచ్చదు. అన్నం ఉడికినా వంకే, ఉడకకపోయినా వంకే. అలా ‘పట్టింపులు గలవాడు’ అనే అర్థం వచ్చింది. పట్టింపులు అభిరుచికి గుర్తుగా చెలామణి కావడం ఏ సమాజంలోనైనా ఉన్నదే. అందుచేత సున్నితమైనది, సూక్ష్మమైనది, నిశితమైనది అనే అర్థాలు తోడయ్యాయి. 18వ శతాబ్ది ద్వితీయార్ధంలో ‘ఇంపైనది’ అనే నేటి అర్థం స్థిరపడింది. మధ్యకాలంలో ఈ అర్థాలన్నీ ఒకదానితో ఒకటి ఒరుసుకొన్నాయి. 16, 17 శతాబ్దుల రచనలలో ఏ రచయిత ఈ మాటను ఏ అర్థంలో వాడాడో తేల్చడం కష్టమని ఆక్స్‌ఫర్డ్ నిఘంటుకారులే అంగీకరించారు.

కొత్త అర్థం అందరికీ రుచించలేదు. జేన్ ఆస్టెన్ మరణానంతరం 1817 చివర వెలువడిన ‘నార్తాంగర్ అబ్బే’ నవలలో కేథరిన్ అనే యువతి ఒక పుస్తకాన్ని నైస్ అంటుంది. నైస్ అంటే నీటుగా ఉండడం కదా, అది పుస్తకానికి వేసిన బైండును బట్టి ఉంటుందని హెన్రీ టిల్నీ పరిహసిస్తాడు. అన్నింటికీ ఇదొక్క మాటే సరిపోతున్నదని అతని ఎత్తిపొడుపు. అతని పరిహాసాన్ని ఇంగ్లీషువారు చదివి ఆనందించారే గాని వాడుక మానలేదు. పాత అర్థం కూడా పూర్తిగా నశించలేదు. నేటికీ న్యాయవాదులు సూక్ష్మమైన న్యాయాంశాన్ని ‘నైస్ పాయింట్’ అంటారు. అది వాదనకు మెప్పు కాదు.

దీనికి సరిగ్గా ఎదురుదిశలో నడిచిన పదం ‘సిల్లీ’. ప్రాచీన ఇంగ్లీషులో దీని పూర్వరూపానికి భాగ్యవంతుడు, ధన్యుడు అని అర్థం. ధన్యుడు అమాయకుడై, అమాయకుడు జాలి గొలిపేవాడై, చివరకు తెలివితక్కువవాడై మిగిలాడు.

భాషాశాస్త్రంలో దీనిని అర్థ విపరిణామం అంటారు. అర్థం మెరుగుపడితే అర్థసౌమ్యత, దిగజారితే అర్థగ్రామ్యత. తెలుగులో ఈ రెండింటికీ ఉదాహరణలు దొరుకుతాయి. సంస్కృతంలో ‘సభికుడు’ అంటే జూదశాల నడిపేవాడు. నేడు సభలో కూర్చున్న పెద్దలందరూ సభికులే. వేదం చదివిన ‘ఛాందసుడు’ లోకజ్ఞానం లేని మూఢాచారపరుడైనాడు. పూర్వకావ్యాలలో పూలకు ‘కంపు’ ఉండేది. నేడు మురుగుకాలువకే ఉంటుంది. ప్రాచీన కావ్యం చేతపట్టిన విద్యార్థి ఈ మాట దగ్గర తడబడితే, పూదోట వర్ణన అతనికి నిందలా వినిపిస్తుంది.

ఇక ‘నైస్’ తెలుగునేలపై వేరొక సంసారం పెట్టుకొన్నది. ‘నైసుగా తప్పించుకున్నాడు’ అంటే గుట్టుచప్పుడు కాకుండా, గడుసుగా జారుకొన్నాడని భావం. లాటిన్‌లో ఏమీ ఎరుగనివాని పేరు ఇక్కడ అన్నీ ఎరిగినవాని నేర్పునకు విశేషణమైంది. వంటింట్లో దీని అర్థం ఇంకొకటి. ‘పిండి నైసుగా రుబ్బు’ అని తల్లి చెబితే, పలుకు తగలకుండా మెత్తగా రుబ్బాలని అర్థం. అలాంటి పిండిని ఇంగ్లీషువారు ‘ఫైన్’ అంటారు గాని నైస్ అనరు. అయినా ఆ మాట విని రోటి ముందు కూర్చున్న కూతురికి ఏం చేయాలో సందేహం కలగదు.