కాలం మారుతుంది, మరి మన ఇంటి పెద్దల మాటేమిటి?

"పదహారణాల తెలుగింటి ఆడపడుచు" అని నేటికీ మనం మెచ్చుకోలుగా అంటాం. కానీ రూపాయికి పదహారు అణాలనే లెక్క మన దేశంలో మారిపోయి ఆరు దశాబ్దాలు దాటింది. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి నూరు 'నయా పైసలు' అనే కొత్త లెక్క వచ్చింది. అణా, బేడ, పావలా లెక్కల్లో పెరిగినవారికి అది చిన్న మార్పు కాదు. పావలాకి సరిగ్గా ఇరవై అయిదు పైసలు వచ్చాయి, బాగానే ఉంది. కానీ అణాకి ఆరుంపావు పైసలు! ఆ పావు పైసా ఎవరికి పోవాలి? కొన్నవారికా, అమ్మినవారికా? ఆ గొడవ సర్దుకోక ముందే 1958 అక్టోబరు నుండి వీశెలు, సేర్లు, మణుగుల స్థానంలో కిలోలు, గ్రాములు దశలవారీగా రాసాగాయి.

అయినా సంతలు ఆగలేదు, సంసారాలు సాగాయి. అందుకు ముఖ్యమైన కారణం ఒకటుంది. ఒక్క రాత్రిలో పాతదాన్ని పారవేయలేదు. కొన్నేళ్లపాటు పాత నాణేలు, కొత్త నాణేలు రెండూ చెల్లాయి. 'నయా' అనే మాటను కూడా 1964లో గాని తీసివేయలేదు. అప్పటికి జనానికి కొత్త పైసా పాతదైపోయింది. పావలా కాసు చెలామణీ 2011 జూన్ చివరితో ఆగిపోయింది గాని, 'పావలా వడ్డీ' అనే మాట మన నోట ఇంకా నిలిచే ఉంది.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటే, నేడు ఎనభై దాటిన పెద్దలు ఆ రోజుల్లో బడిపిల్లలు. ఎక్కాలు అణాల్లో నేర్చుకొని, లెక్కలు పైసల్లో చేసినవారు. కిరోసిన్ దీపం నుండి కరెంటు బల్బుకు, కట్టెల పొయ్యి నుండి గ్యాస్ పొయ్యికి, టెలిగ్రాం నుండి సెల్‌ఫోన్‌కు నడిచి వచ్చినవారు. "పెద్దవాళ్లు మార్పును ఒప్పుకోరు" అని మనం సులువుగా అనేస్తాం. నా అభిప్రాయంలో అది న్యాయమైన మాట కాదు. ఒక జీవితకాలంలో వారు చూసినన్ని మార్పులు వారి ముందు తరాలు చూడలేదు.

చేతిలోని పర్సు ఫోన్‌లోకి వెళ్లింది

ఇప్పుడు మన ముందున్న మార్పు డబ్బు చెల్లించే తీరులో వచ్చినది. 2016లో యూపీఐ విధానం మొదలైంది. అదే ఏడాది నవంబరు 8వ తేదీ రాత్రి పాత 500, 1000 రూపాయల నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. బ్యాంకుల ముందు బారులు తీరిన ఆ రోజులు ఎవరూ మరచిపోలేదు. ఆ తరువాత కొద్ది ఏళ్లలోనే టీ కొట్టు, పూల బుట్ట, కూరగాయల బండి, ఆటో ఎక్కడ చూసినా నలుపు తెలుపు గళ్ల చీటీ కనిపించసాగింది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే ఈ విధానంలో రెండు వేల కోట్లకు పైగా చెల్లింపులు జరిగాయి.

ఇందులో మేలు లేదని నేననను. చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టే బాధ తప్పింది. పట్నంలో చదువుకునే పిల్లవాడికి మనియార్డరు చేసి వారం రోజులు ఎదురుచూడవలసిన పని లేదు. ఆదివారమైనా, అర్ధరాత్రయినా ఆసుపత్రి ఖర్చుకి సొమ్ము క్షణంలో అందుతోంది. కూలిడబ్బు నేరుగా తన ఖాతాలో పడితే, దాన్ని కాపాడుకొనే అవకాశం ఇల్లాలికి కొంత దొరుకుతోంది.

గ్యాస్ పొయ్యి సంగతి గుర్తు చేసుకోండి. సిలిండరు పేలుతుందనే భయంతో, కట్టెల మీద వండిన రుచి రాదనే నమ్మకంతో ఎందరో తల్లులు మొదట దాన్ని వద్దన్నారు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన దీపం పథకం పేద ఇండ్లకు గ్యాస్ కనెక్షన్లు అందించింది. పొగతో కండ్లు మండిన ఆ తల్లులే తరువాత "ఇదే ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేది" అన్నారు. కాబట్టి కొత్తదని భయపడి మేలును కాలదన్నుకోవడం తెలివైన పని కాదు.

పోతున్నది చిల్లర కాదు

అయితే ఈ మార్పులో మన ఇండ్లలో మౌనంగా జరిగిపోతున్న నష్టం ఒకటుంది. నలభై ఏళ్లు ఇంటి జమాఖర్చు నడిపిన మనిషిని ఊహించుకోండి. జీతంలో ఇంత బియ్యానికి, ఇంత బడి ఫీజుకు, ఇంత అమ్మాయి పెళ్లికి అని డబ్బాల్లో వేరువేరుగా దాచిన తల్లి ఆమె. ఇప్పుడు బి.పి. మాత్రలు కొనాలంటే మనుమడు కాలేజీ నుండి వచ్చేదాకా ఆగాలి. కరెంటు బిల్లు కట్టాలంటే కోడలిని అడగాలి. డబ్బు ఆమెదే, ఖాతా ఆమెదే, కానీ ఖర్చు చేసే చేయి మాత్రం వేరొకరిది. మందుల షాపులో "నోటు వద్దమ్మా, చిల్లర లేదు, ఫోన్‌పే చేయండి" అని అన్నప్పుడు ఆమె చిన్నబుచ్చుకొని తిరిగి వస్తుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరితోనూ చెప్పదు.

మనం ఆలోచించవలసింది ఇక్కడే. మనిషికి అన్నం ఎంత అవసరమో, తన పని తాను చేసుకోగలననే ధైర్యం కూడా అంతే అవసరం. ఆ ధైర్యాన్ని తీసివేసి, దానికి బదులు "నీకెందుకు నాన్నా, మేమున్నాం కదా" అనే మాట ఇస్తే సరిపోదు. ఆ మాటలో ప్రేమ ఉన్నా, దాని వెనుక ఒక తలుపు మూసుకుపోతోంది.

మనిషి కోసం మారిన యంత్రం

ఇందుకు ఒక మంచి ఉదాహరణ ఉంది. పెన్షను తీసుకొనేవారు ఏటా తాము బ్రతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. ఒకప్పుడు అందుకోసం నవంబరు నెలలో బ్యాంకులు, ట్రెజరీల ముందు వృద్ధులు గంటలకొద్దీ నిలబడేవారు. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 'జీవన్ ప్రమాణ్' అనే విధానం తెచ్చింది. ఆధార్ ఆధారంగా వేలిముద్ర వేస్తే చాలు, ధ్రువపత్రం తయారవుతుంది.

కానీ అక్కడొక చిక్కు వచ్చింది. వయసు పైబడిన కొద్దీ వేలి గీతలు అరిగిపోతాయి. మట్టి పని, బట్టలుతికే పని, సున్నం పని చేసిన చేతులైతే మరీను. యంత్రం ఆ వేళ్లను గుర్తుపట్టదు. ఒక జీవితమంతా కష్టపడిన గుర్తే అక్కడ నేరమైపోయింది! చివరకు 2021లో ముఖాన్ని చూసి గుర్తుపట్టే పద్ధతి ప్రవేశపెట్టారు. ఇప్పుడు ఇంట్లో కూర్చొని, మామూలు స్మార్ట్‌ఫోన్‌తోనే ఆ పని పూర్తి చేసుకోవచ్చు.

వృద్ధుల వేళ్లు మారలేదు, మారవలసింది యంత్రమే అయింది. మార్పు అంటే మనిషే వంగి దానికి దారి ఇవ్వాలని ఎక్కడా లేదు. మనిషికి తగినట్లు మార్పునూ సరిదిద్దవచ్చు, సరిదిద్దాలి. అలాగే స్మార్ట్‌ఫోన్ లేనివారి కోసం మామూలు బటన్ ఫోన్‌తో డబ్బు చెల్లించే విధానం కూడా 2022లో వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటినవారికి ఇంటి వద్దనే నగదు అందించడం వంటి సేవలు చేయాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే బ్యాంకులకు సూచించింది. ఈ సంగతులు తెలిసినవారు తక్కువ, అడిగేవారు మరీ తక్కువ. మీ బ్యాంకులో అడిగి చూడండి. అడగడం తప్పు కాదు.

భయంలోనూ నిజముంది

"నొక్కితే డబ్బంతా పోతుందేమో" అని పెద్దవారు భయపడితే పిల్లలు నవ్వుతారు. నవ్వకండి. ఆ భయానికి ఆధారం ఉంది. పోలీసులమని, సి.బి.ఐ. వారమని చెప్పి వీడియో కాల్‌లో బెదిరించి, 'డిజిటల్ అరెస్టు' పేరుతో చదువుకున్నవారి దగ్గర కూడా లక్షలు కాజేస్తున్నారు. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రే రేడియో ప్రసంగంలో చెప్పవలసి వచ్చింది. కాబట్టి ఈ మూడు మాటలు మీ ఇంటి గోడ మీద పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టండి.

మొదటిది: డబ్బు పంపడానికే పిన్ కావాలి. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. "మీకు సొమ్ము పంపుతున్నాం, పిన్ నొక్కండి" అన్నవాడు దొంగ.

రెండవది: ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదు. బ్యాంకువాళ్లమని చెప్పి అడిగినా సరే.

మూడవది: మోసం జరిగిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి దాచిపెడితే ఆ అవకాశం పోతుంది. అందుకే, మోసపోయినవారిని ముందుగా తిట్టే ఇల్లు మోసగాడికే సాయం చేసినట్లు.

పిల్లలకు, పెద్దలకు ఒక మాట

పిల్లలారా, మీరు నేర్పే పద్ధతిలో ఒక లోపం ఉంది. "తాతయ్యా, ఇలా ఇవ్వు, నేను చేసేస్తా" అని ఫోన్ లాక్కుంటారు. రెండు క్షణాల్లో పని అయిపోతుంది, తాతయ్యకు మాత్రం ఏమీ రాదు. ఫోన్ ఆయన చేతిలోనే ఉండనివ్వండి. వేలు ఆయనదే కదలనివ్వండి. ఒక్క రూపాయి మీకు పంపమనండి, మీరు తిరిగి పంపండి. పది రోజులు అదే పని చేయించండి. దేని తరువాత ఏది నొక్కాలో తెలుగులో ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఇవ్వండి. ఉన్న సొమ్మంతా ఒకే ఖాతాలో పెట్టక, చిన్న మొత్తం ఉన్న ఖాతాను మాత్రమే ఫోన్‌కు జోడించండి. పొరబాటు జరిగినా నష్టం కొద్దిదేనన్న నిబ్బరం ఉంటేనే మనిషి నేర్చుకుంటాడు. మీకు అ, ఆలు దిద్దించినప్పుడు వారు ఎన్నిసార్లు పలక తుడిచి ఇచ్చారో మీకు గుర్తుండదు, వారికి గుర్తుంటుంది.

పెద్దలారా, "ఈ వయసులో మాకెందుకు" అని ఫోన్ పక్కన పెట్టేయకండి. అన్నీ నేర్చుకోనక్కరలేదు. ప్రతి కొత్త వస్తువు ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నా శ్రమ తగ్గిస్తుందా? ఇది నా పని నేనే చేసుకొనేలా చేస్తుందా? ఇది నా ఇంటివారితో మాట్లాడే సమయాన్ని మింగేస్తుందా? మొదటి రెంటికి అవునని, మూడవదానికి కాదని జవాబు వస్తే నేర్చుకోండి. లేకపోతే నిశ్చింతగా వద్దనండి. వద్దనే హక్కు కూడా మీకుంది.

ఇక దుకాణదారులకు, కార్యాలయాల్లో పనిచేసేవారికి ఒక మనవి. గళ్ల చీటీ పక్కన చిల్లర డబ్బా కూడా ఉంచండి. ఫోన్‌లో రాదన్నవారి కోసం ఒక కౌంటరు, ఒక మనిషి ఉండాలి. 1957లో పాత అణాను, కొత్త పైసాను కొన్నేళ్లు ఒకే గల్లాపెట్టెలో ఉంచుకోగలిగిన దేశం మనది. ఆ ఓపిక నేడు మనకెందుకు ఉండకూడదు?

ఈ ఆదివారం సాయంకాలం ఒక అరగంట తీరిక చేసుకోండి. టి.వి. ఆపి, మీ అమ్మమ్మ పక్కనో, మామయ్యగారి పక్కనో కూర్చోండి. ఏం నేర్చుకోవాలని ఉందో ముందు వారినే అడగండి. బహుశా వారు డబ్బు సంగతి అడగరు, దూరాన ఉన్న చెల్లెలితో వీడియోలో మాట్లాడడం ఎలాగో అడుగుతారు. అయితే అదే ముందు నేర్పండి.