పెద్దవాళ్ళకి నోటి కాన్సర్ వస్తే ఒక్క డాక్టరు చాలడు

అర్ధరాత్రి ఇండియా నుంచి ఫోన్ మోగితే మనలో చాలామందికి గుండె ఝల్లుమంటుంది. "నాన్నగారికి నాలుక పక్కన పుండు రెండు నెలలైనా మానలేదు. ముక్క తీసి పరీక్షకి పంపితే కాన్సర్ అన్నారు" అని తమ్ముడు చెప్తాడు. "ఈ వయసులో ఆయన్ని కష్టపెట్టడం ఎందుకు?" అంటారు ఊళ్ళోవాళ్ళు. "ఎంత ఖర్చయినా సరే, అన్నిటికన్నా పెద్ద వైద్యం చేయించు" అంటాం ఇక్కడినుంచి మనం. రెండూ ప్రేమతో అన్న మాటలే. కానీ రెండూ పొరపాటు కావచ్చు.

మనవాళ్ళకి కొత్త జబ్బు కాదు

నోరు, నాలుక, గొంతు, స్వరపేటిక వంటి చోట్ల వచ్చేవాటిని తల, మెడ కాన్సర్లు అంటారు. పొగాకు, వక్క, మద్యం ముఖ్య కారణాలు. ఉత్తరాంధ్రలో నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు మీలో కొందరు చూసే ఉంటారు. దానివల్ల అంగిలికి వచ్చే కాన్సర్ మీద విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎన్నో పరిశోధనలు జరిగాయి. మూడు వారాలు దాటినా మానని పుండు, తగ్గని గొంతు బొంగురు, మెడలో గడ్డ, మింగుతుంటే నొప్పి: వీటిలో ఏది ఉన్నా వెంటనే చూపించాలి.

వయసు ఒక్కటే లెక్క కాదు

75 ఏళ్ళవాళ్ళు ఇద్దరుంటే ఒకరు రోజూ పొలం వెళ్ళొస్తారు, ఇంకొకరు గోడ పట్టుకుని నడుస్తారు. ఇద్దరికీ ఒకే వైద్యం ఎలా కుదురుతుంది? అందుకే జి-8 అనే చిన్న పరీక్ష వాడతారు. తిండి, తగ్గిన బరువు, నడక, జ్ఞాపకశక్తి, వాడే మందులు వంటి ఎనిమిది విషయాలకి మొత్తం 17 మార్కులు. 14 గాని అంతకు తక్కువ గాని వస్తే, వృద్ధుల వైద్యం తెలిసిన డాక్టరు వివరంగా పరీక్షించాలి.

"పెద్ద వైద్యం" సంగతి కూడా చూద్దాం. 2009లో 93 ట్రయల్స్ ఫలితాలు కలిపి లెక్క వేశారు. రేడియేషన్ తోపాటు కీమో కూడా ఇస్తే, అయిదేళ్ళ తరువాత బతికున్నవాళ్ళు నూటికి ఆరేడుగురు ఎక్కువ. కానీ వయసు పెరిగేకొద్దీ ఆ లాభం తగ్గింది, 70 దాటినవారిలో కనిపించలేదు. సిస్‌ప్లాటిన్ వల్ల మూత్రపిండాలకి, వినికిడికి వచ్చే నష్టం మాత్రం ఉంటుంది. అలాగని దారులు మూసుకుపోలేదు. సిస్‌ప్లాటిన్ పడనివారికి రేడియేషన్ తో డోసిటాక్సెల్ ఇచ్చి ముంబయి టాటా మెమోరియల్ వారు 2023లో ఫలితాలు ప్రకటించారు. రెండేళ్ళకి బతికున్నవారు 41.7 శాతం నుంచి 50.8 శాతానికి పెరిగారు. వారంతా వృద్ధులు కారు కనుక, ఎవరికి ఏది తగునో విడిగా తేల్చాల్సిందే.

అందరూ ఒక గదిలో

ఆ తేల్చే చోటు ట్యూమర్ బోర్డు. సర్జన్, రేడియేషన్ డాక్టరు, కీమో డాక్టరు, పాథాలజిస్టు, రేడియాలజిస్టు వైద్యం మొదలుపెట్టక ముందే కలిసి కూర్చుని మాట్లాడుకుంటారు. పెద్దవాళ్ళ విషయంలో ఇంకొందరు కూడా ఉండాలి.

పళ్ళ డాక్టరు: రేడియేషన్ తగిలిన దవడ ఎముక సరిగా మానదు. పాడైన పళ్ళు ముందే తీసి, గాయం మాననివ్వాలి.

మింగడం నేర్పే థెరపిస్టు: అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. వ్యాయామాలు మొదటి నుంచీ చేయించాలి.

డైటీషియన్: బరువు తగ్గిపోకముందే చూడాలి. గొట్టం ద్వారా ఆహారం అవసరమా అన్నది కూడా ముందే ఆలోచించాలి.

సోషల్ వర్కరు: రేడియేషన్ ఆరేడు వారాలు, వారానికి అయిదు రోజులు. మధ్యలో మానేస్తే ఫలితం దెబ్బతింటుంది. రోజూ ఎవరు తీసుకెళ్తారన్నది కూడా వైద్యంలో భాగమే.

నొప్పి, ఉపశమన వైద్యులు: వీరు చివరి రోజులకే కాదు, మొదటి రోజు నుంచీ కావాలి.

మనం ఇక్కడినుంచి ఏం చేయగలం?

"ట్యూమర్ బోర్డులో పెట్టారా? ఏమని నిర్ణయించారు?" అని అడిగి, కాగితం మీద తీసుకోండి. ఉన్న ఊళ్ళో బోర్డు లేకపోతే, 2012లో మొదలైన నేషనల్ కాన్సర్ గ్రిడ్ లోని ఆసుపత్రులని కనుక్కోండి. బయాప్సీ, స్కాన్ రిపోర్టులు, రోజూ వాడే మందుల జాబితా ఒకచోట ఉంచండి.

సెలవు విషయం. మనం సాధారణంగా ఆపరేషన్ కి వెళ్ళి పది రోజుల్లో తిరిగి వచ్చేస్తాం. కానీ నోరంతా పూసి, మింగలేక ఇబ్బంది పడేది రేడియేషన్ చివరి వారాల్లో, అది అయిన తరువాత కొన్ని వారాల్లో. వీలైతే కొంత సెలవు అప్పటికి దాచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, నాన్నగారిని అడగండి. మన ఇళ్ళల్లో చాలాసార్లు రోగికి తప్ప అందరికీ జబ్బు పేరు తెలుస్తుంది. మాట పోయినా ఫరవాలేదు, బతకాలి అని ఒకరు అనవచ్చు. ఉన్నన్నాళ్ళు నోటితో నాలుగు ముద్దలు తింటే చాలు అని ఇంకొకరు అనవచ్చు. ఆ మాట ఆయన నోటి నుంచి రాకుండా పదిమంది నిపుణులు కూర్చున్నా నిర్ణయం సగమే అవుతుంది.

(ఈ వ్యాసం అవగాహన కోసమే. వైద్యం విషయంలో మీ డాక్టరు సలహా తీసుకోండి.)